గుండె కుదుటపడింది – మరి కాళ్ళు, చేతులు?



ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత చర్చి వరండాలో ఒక తల్లి నన్ను పేరు పెట్టి పిలిచారు. చిక్కడపల్లిలో ఉంటారు. వయసు 61. తొమ్మిదేళ్ళ క్రితం ఆమెకు బైపాస్ ఆపరేషన్ అయింది. ఆపరేషన్ వేరే పెద్ద ఆసుపత్రిలో జరిగినా, డ్రెస్సింగులకు, బి.పి. చూపించుకోవడానికి మన దగ్గరకే వచ్చేవారు. పలకరిద్దామని దగ్గరకు వెళ్ళాను. ఆమె కుర్చీలోంచి లేవబోయారు, లేవలేకపోయారు. ఇద్దరు కొడుకులు చెరొక రెక్క పట్టుకుని లేపారు.

"గుండె ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"గుండెకేం సిస్టర్, మంచిగనే ఉందట. మొన్న ఎకో తీసి చెప్పిన్రు. లేవనీకే వస్తలేదు, అంతే."

"ఇంట్లో ఏమైనా వ్యాయామం చేస్తున్నారా?"

"మీరే చెప్పిన్రు గద సిస్టర్, బరువులు ఎత్తొద్దని. అప్పటిసంది మావోళ్ళు బిందె కాదు గద, చెంబు గూడ ఎత్తనియ్యరు."

ఆ మాట విని నాకు నోట మాట రాలేదు. నిజమే, చెప్పింది నేనే. కానీ నేను చెప్పింది మూడు నెలల సంగతి. ఆమె ఇంట్లో అది తొమ్మిదేళ్ళు నడిచింది. నేను చెప్పిన దానిలో సగమే ఆ ఇంటికి చేరింది. మిగతా సగం, అంటే "మూడు నెలల తరువాత మళ్ళీ రండి, కొంచెం కొంచెంగా ఎత్తడం నేర్పిస్తాను" అన్న మాట, నేను అసలు చెప్పనే లేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎందుకు వద్దంటాము? ఎప్పటి వరకు వద్దంటాము?

బైపాస్ ఆపరేషన్‌లో రొమ్ము మధ్య ఎముకను నిలువుగా కోసి, తరువాత స్టీలు తీగలతో కలిపి కుడతారు. విరిగిన చెయ్యి అతుక్కోవడానికి టైము పట్టినట్లే ఆ ఎముకకూ పడుతుంది. సాధారణంగా 8 నుంచి 12 వారాలు. అంతవరకు బరువులు ఎత్తినా, తలుపు గట్టిగా తోసినా, చేతుల మీద బలమంతా వేసి మంచం మీద నుంచి లేచినా ఎముక కదిలే ప్రమాదం ఉంది. అందుకే వద్దంటాము. స్టెంట్ వేయించుకున్నవారికి తొడ దగ్గర గానీ మణికట్టు దగ్గర గానీ సూది రంధ్రం మానేవరకు కొద్ది రోజులు వద్దంటాము. గుండెపోటు వచ్చినవారికి దెబ్బ తిన్న గుండె కండరం కుదుటపడేవరకు కొన్ని వారాలు వద్దంటాము.

గమనించండి, ప్రతిదానికీ ఒక గడువు ఉంది. మన ఇళ్ళల్లో మాత్రం ఆ గడువుకు చివర లేదు. ఇందులో తప్పు ఇంటివాళ్ళది కాదు. మందుల చీటీ మీద ఏ మాత్ర ఎన్ని రోజులో రాసే మేము, "బరువు ఎత్తవద్దు" అన్న మాటకు తేదీ రాయము. ఇది ఆసుపత్రుల్లో పనిచేసే మా అందరి లోపమని నా అభిప్రాయం.

మంచమే మందు అనుకున్న రోజులు

నేను డిప్లొమా చదివే రోజుల్లో గుండెపోటు రోగిని మొదట్లో పక్క మీద నుంచి కదలనిచ్చేవాళ్ళం కాదు. స్పంజింగ్, బెడ్‌పాన్, అన్నం తినిపించడం, అన్నీ మేమే. అంతకు ముందు తరంలోనైతే నాలుగు నుంచి ఆరు వారాలు మంచమే. 1950ల తొలినాళ్ళలో అమెరికాలోని బోస్టన్‌లో శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లోన్ అనే డాక్టర్లు గుండెపోటు రోగులను మంచం మీద నుంచి తీసి కుర్చీలో కూర్చోబెట్టారు. అది చాలామందికి సాహసంగా తోచింది. ఆ రోగులు మాత్రం త్వరగా తేరుకున్నారు.

1966లో డల్లాస్ నగరంలో ఇంకొక పరిశోధన జరిగింది. ఐదుగురు ఆరోగ్యవంతులైన 20 ఏళ్ళ యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వాళ్ళ శ్రమశక్తి దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ముప్పై ఏళ్ళ తరువాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. ముప్పై ఏళ్ళ వయసు తెచ్చిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం తెచ్చిన నష్టమే ఎక్కువని తేలింది. ఇరవై ఏళ్ళ కుర్రవాడికే అలా అయితే, అరవై ఏళ్ళ తల్లిని తొమ్మిదేళ్ళు కుర్చీలో కూర్చోబెడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

నడక మంచిదే, కానీ చాలదు

తెల్లవారుజామున ఇందిరా పార్కు దగ్గర నిలబడితే అశోక్‌నగర్, చిక్కడపల్లి, దోమల్‌గూడ నుంచి నడకకు వచ్చేవాళ్ళు కనిపిస్తారు. అందులో మన పేషెంట్లు కూడా ఉంటారు. వాళ్ళను చూస్తే నాకు సంతోషం. నడక గుండెకు, ఊపిరితిత్తులకు మేలు చేస్తుంది. దానిని మానమని నేను అనడం లేదు.

కానీ నడకతో చేతులకు, భుజాలకు, వీపుకు బలం రాదు. తొడలకు కూడా కుర్చీలోంచి లేచేంత, మెట్లు ఎక్కేంత బలం ఒక్క నడకతో నిలవదు. ముప్పై దాటినప్పటి నుంచి మనిషికి కండ కొంచెం కొంచెంగా తగ్గుతూనే ఉంటుంది. దానికి జబ్బు, పడక, "పథ్యం" పేరుతో చారన్నం తోడైతే ఇంకా త్వరగా కరిగిపోతుంది. పొట్ట అలాగే ఉంటుంది, కాళ్ళు చేతులు పుల్లలవుతాయి. మన వాళ్ళలో షుగర్ ఎక్కువ కదా, తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది ఈ కండరాలే. కండ తగ్గితే షుగర్ అదుపు తప్పడానికి ఇంకొక దారి తెరిచినట్లే.

ఇంకొక సంగతి. కాళ్ళలో చేతుల్లో బలం ఉన్నవాడికి ఒక పని చేయడానికి గుండె తక్కువ కష్టపడితే చాలు. బలం లేనివాడు అదే కూరగాయల సంచి మోస్తే గుండె ఎక్కువ కొట్టుకోవాలి. కాబట్టి కండ పెంచడం గుండె మీద భారం వేయడం కాదు, దించడం.

ఇది నా సొంత మాట కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2000లోనే గుండె జబ్బు ఉన్నవారికి తగు మోతాదులో బరువులతో వ్యాయామం మంచిదని సలహా ఇచ్చింది. 2007లో, మళ్ళీ 2023లో దానిని సవరించి ఇంకా గట్టిగా చెప్పింది. బలం పెంచే వ్యాయామం చేసే పెద్దవారిలో, చేయనివారితో పోలిస్తే మరణాలు సుమారు 15 శాతం తక్కువగా కనిపించాయని 2023 నివేదికలో ఉంది. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్యూర్ అధ్యయనంలో మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు 1,40,000 మంది చేతి పట్టును కొలిచారు. పట్టు తగ్గినవారిలో మరణాలు, గుండె జబ్బు మరణాలు ఎక్కువగా ఉన్నాయి. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తుందని, మిగతా దేశాల వారికంటే ఐదారేళ్ళు ముందే వస్తుందని ఇంటర్‌హార్ట్ అధ్యయనం తేల్చింది. అంటే జబ్బు తరువాత మనం బ్రతకవలసిన ఏళ్ళు చాలా ఉన్నాయి. ఆ ఏళ్ళు ఇంకొకరి రెక్క పట్టుకుని బ్రతకాలా?

జిమ్ భయం

ఈ మాట చెబితే వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. "జిమ్‌లోనే కదా సిస్టర్ పోతున్నారు?" 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46వ ఏట, ఉదయం వ్యాయామం చేసిన కొద్దిసేపటికే అస్వస్థతకు గురై మరణించినప్పటి నుంచి ఈ భయం ప్రతి ఇంట్లో ఉంది. తరువాత మన నగరంలో కూడా జిమ్‌లో కుప్పకూలిన యువకుల వీడియోలు ఫోనుల్లో తిరిగాయి. భయపడటంలో తప్పు లేదు. కానీ ఒకటి ఆలోచించండి. జబ్బు ఉన్నదని తెలియక, పరీక్ష లేకుండా శ్రమ చేయడం వేరు. జబ్బు తెలిసి, మందులు వాడుతూ, డాక్టరు గారి అనుమతితో ఒక కిలోతో మొదలుపెట్టడం వేరు.

భయం లేనివాళ్ళ గురించి కూడా చెప్పాలి. నారాయణగూడలో ఒక పెద్దాయన చిన్నప్పుడు తాలీంఖానాలో కసరత్తు చేసిన మనిషి. స్టెంట్ వేసిన నెల తిరగకుండా, ఎవరికీ చెప్పకుండా జిమ్‌కు వెళ్ళి, ఇరవై ఏళ్ళ వయసులో ఎత్తిన బరువునే ఊపిరి బిగబట్టి ఎత్తారు. కళ్ళు తిరిగి కూలబడ్డారు. దేవుని దయ వలన ప్రాణం మీదకు రాలేదు. ఊపిరి బిగబట్టి శక్తికి మించి ఎత్తితే బి.పి. ఎంత పెరుగుతుందో తెలుసా? 1985లో ప్రచురితమైన ఒక పరిశోధనలో బాడీ బిల్డర్లు రెండు కాళ్ళతో పెద్ద బరువు తోస్తుండగా కొలిస్తే సగటున 320/250 వచ్చింది. అది ఎవరికీ మంచిది కాదు, గుండె రోగికి అసలే కాదు. ఊపిరి వదులుతూ తేలిక బరువు ఎత్తినప్పుడు ఇలా జరగదు.

కాబట్టి మన మధ్య రెండు తప్పులున్నాయి. కొందరు ఎన్నటికీ ఎత్తరు. కొందరు ఒకేసారి అంతా ఎత్తేస్తారు. సరైన దారి ఈ రెండింటి మధ్య ఉంది.

అక్కలకు, అమ్మలకు ఒక మాట

ఇంటి పెద్దాయనకు గుండెపోటు వస్తే భార్య, కోడలు, కూతురు చుట్టూ నిలబడతారు. అదే ఇల్లాలికి వస్తే? మొదటి వారం అందరూ ఉంటారు. మూడో వారానికి ఆమె వంటింట్లో ఉంటుంది. "బరువులు ఎత్తను సిస్టర్" అని నాతో చెబుతుంది. కానీ ఆమె ఎత్తుతున్న బరువులు చూడండి. నీళ్ళ క్యాను 20 లీటర్లు, అంటే 20 కిలోలు. నిండు గ్యాస్ సిలిండరు 30 కిలోల దాకా ఉంటుంది. తడి దుప్పట్ల బకెట్టు, బియ్యం డబ్బా, మనవడు. వీటిని బరువులని ఎవరూ లెక్కపెట్టరు. వాటిని ఆమె నడుము వంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున ఎత్తుతుంది.

ఒక కిలో సీసాతో చేసే వ్యాయామం ప్రమాదమని భయపడి, 20 కిలోల క్యానును వ్యాయామం చేయని చేతులతో ఎత్తనిస్తున్నాము. ఇందులో న్యాయం ఎక్కడుంది? బలం రానంతవరకు ఆ క్యాను ఇంట్లో ఇంకొకరు ఎత్తాలి. బలం వచ్చేటట్లు ఆమెకు వారానికి రెండు అరగంటలు వదలాలి. గుండె రోగుల వ్యాయామ తరగతులకు ఆడవాళ్ళు తక్కువగా వస్తారన్నది అన్ని దేశాల్లో కనిపించే సంగతి. 2003లో అమెరికాలోని వెర్మాంట్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. గుండె జబ్బుతో ఇంటి పనులు కూడా కష్టమైన, 65 ఏళ్ళు దాటిన స్త్రీలకు ఆరు నెలలు బరువులతో వ్యాయామం చేయించారు. సామాను మోయడం, మెట్లు ఎక్కడం వంటి పనులు వాళ్ళకు తేలికయ్యాయి. ఆలస్యమైపోయిందని ఎవరూ అనుకోనక్కరలేదు.

ఎలా మొదలుపెట్టాలి?

మొదట డాక్టరు గారిని ఒకే ప్రశ్న అడగండి: "నేను తేలిక బరువులతో వ్యాయామం ఏ తేదీ నుంచి చేయవచ్చు?" ఆ తేదీని చీటీ మీద రాయించుకోండి. సాధారణంగా గుండెపోటు లేక బైపాస్ తరువాత కనీసం ఐదు వారాలు గడిచి, అందులో కొన్ని వారాలు నడక అలవాటయ్యాక అనుమతిస్తారు. స్టెంట్ అయితే ఇంకొంచెం ముందే. బైపాస్ అయినవారు చేతుల బరువులకు ఎముక పూర్తిగా అతికేవరకు ఆగాలి. దగ్గినప్పుడు రొమ్ములో "టిక్కు" మని చప్పుడైతే వ్యాయామం కాదు, సర్జనే ముందు.

విశ్రాంతిలో కూడా ఛాతీ నొప్పి వస్తున్నవారు, బి.పి. అదుపులో లేనివారు, గుండె వైఫల్యంతో కాళ్ళు వాచి ఆయాసపడుతున్నవారు, గుండె లయ తప్పుతున్నవారు, గుండె కవాటం బాగా మూసుకుపోయినవారు ఇప్పుడు మొదలుపెట్టకూడదు. షుగర్ వలన కంటి నరాల్లో రక్తం కారుతున్నవారు కంటి డాక్టరును అడగాలి. పేస్‌మేకర్ కొత్తగా పెట్టించుకున్నవారు ఆ వైపు చెయ్యి ఎప్పటి నుంచి ఎత్తవచ్చో తెలుసుకోవాలి.

అనుమతి వచ్చాక జిమ్ అక్కరలేదు. ఐదు నిమిషాలు ఇంట్లోనే నడిచి ఒళ్ళు వేడి చేసుకోండి. మొదటిది, గట్టి కుర్చీలో కూర్చుని లేవడం. చేతులు ఆనించకుండా లేవలేకపోతే సీటు మీద రెండు దిళ్ళు వేసుకోండి. రెండవది, గోడకు ఎదురుగా నిలబడి, అరచేతులు ఆనించి, గోడ మీదకు వంగి మళ్ళీ తోయడం. మూడవది, కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తి దించడం. నాలుగవది, అర లీటరు నీళ్ళ సీసా చేతిలో పట్టుకుని మోచెయ్యి మడవడం. ఐదవది, ఫిజియోథెరపిస్టు ఇచ్చే రబ్బరు బెల్టును కిటికీ ఊచకు కట్టి మోచేతులు వెనక్కి లాగడం. ఆరవది, ఒక మెట్టు ఎక్కి దిగడం, కటకటాలు పట్టుకునే.

ఒక్కొక్కటి 10 నుంచి 15 సార్లు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. 15 సార్లు తేలికగా వచ్చినప్పుడు అర లీటరు సీసా బదులు లీటరు సీసా తీసుకోండి. తొందరపడకండి. ఎత్తేటప్పుడు నోటితో ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి. గట్టిగా లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతట అదే ఆడుతుంది. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి చూసి శ్రమ తెలియదు. అందుకని ఒక గుర్తు: చేస్తూ పక్కవారితో మాట్లాడగలిగితే సరైన శ్రమ, మాట తెగిపోతుంటే ఎక్కువైనట్లు.

ఛాతీలో బిగింపు, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, చల్లని చెమట, మామూలుగా రాని ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ఆపి కూర్చోండి. డాక్టరు గారు ఇచ్చిన సార్బిట్రేట్ మాత్ర ఉంటే చెప్పినట్లే నాలుక కింద పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయండి. "కాసేపు చూద్దాం" అనవద్దు.

కండ పెరగాలంటే తిండి కూడా కావాలి. పప్పు, శనగలు, పెరుగు, గుడ్డు తెల్లసొన, చేప, ఏదో ఒకటి ప్రతి పూట కంచంలో ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి తినాలి. జిమ్‌లో అమ్మే పొడి డబ్బాలు అడగకుండా కొనవద్దు.

మనం చేయగలిగింది

శరీర సాధన వలన ప్రయోజనం కొంచెమేనని పౌలు తిమోతికి రాశాడు కదా అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. కొంచెమన్నాడు గానీ వద్దనలేదు కదండీ అన్నాను. అరవై ఏళ్ళ మనిషి ఎవరి సాయం లేకుండా లేచి నిలబడటానికి ఆ కొంచెమే కావాలి. వై.ఎం.సి.ఎ. వారు 1920లోనే మద్రాసులో వ్యాయామ ఉపాధ్యాయుల కళాశాల ప్రారంభించారు. మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు, మనమే మరచిపోయాము.

మూడు మనవులు చేసి ముగిస్తాను. మాలాంటి నర్సులకు: డిశ్చార్జి కాగితం మీద "బరువులు ఎత్తవద్దు" అని రాస్తే పక్కనే "ఫలానా తేదీ వరకు" అని రాద్దాం. సంఘ పెద్దలకు: చర్చి హాళ్ళు వారంలో చాలా రోజులు తాళం వేసే ఉంటాయి. వారానికి రెండు ఉదయాలు ఒక గంట తెరవండి. ఇరవై కుర్చీలు, నీళ్ళ సీసాలు, ఒక బి.పి. మిషను చాలు. నెలకొకసారి ఫిజియోథెరపిస్టును పిలుద్దాం. బి.పి. చూడటానికి నేను వస్తాను. కుటుంబాలకు: ప్రేమతో మీరు లాక్కున్న సంచిని, డాక్టరు అనుమతి వచ్చిన రోజున, తేలికగా ఉన్నప్పుడే వారి చేతికి తిరిగి ఇవ్వండి.

చిక్కడపల్లి అమ్మగారి సంగతి చెప్పలేదు కదూ. డాక్టరు గారు పరీక్షించి సరేనన్నారు. ఆరు వారాల క్రితం కుర్చీ మీద మూడు దిళ్ళతో మొదలుపెట్టాము. ఇప్పుడు ఒక దిండు మిగిలింది. క్రిందటి ఆదివారం కొడుకు రెక్క పట్టుకోబోతే, "ఆగురా, నేను లేస్త" అన్నారు. ఒకసారి కూలబడ్డారు. రెండోసారి లేచారు.

– మీ సిస్టరు,
నర్సింగ్ సూపరింటెండెంట్